ఇన్నాసిముత్తు తెల్ల కాగితం

మంగళవారం పొద్దున ఇన్నాసిముత్తు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారులో కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి తనదీ, తన భార్యదీ క్రెడిట్ రిపోర్టులు తీయించాలి. దారిలోనే ఉన్న బ్యాంకులో వాటిని ఇచ్చేయాలి. ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పళని నుంచి వచ్చిన హుండీ తాళాల ఆర్డరు ముందేసుకుని కూర్చోవాలి. ఇందులో తల బద్దలుకొట్టుకోవలసింది ఏమీ లేదు. దిండిగల్ మరియనాథపురంలో ఇంటింటా తాళాలు చేసే ఆ వీధిలో, ముందు ఆలోచించి ఆ తర్వాతే అడుగు వేసే మనిషని ఆయనకు పేరు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

సంగతేమిటంటే, ఇన్నేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటి యజమాని చిన్నప్ప వాత్తియార్ బడిపంతులుగా రిటైరై, కోయంబత్తూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నాడు. "వేళాంగణి మాత పండుగ దాకా నీకే మొదటి మాట ఇన్నాసీ. ఆ తర్వాత అరటికాయల మండీ వాడికి ఇచ్చేస్తాను. వాడు రోజూ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతున్నాడు" అన్నాడు. ఇంటి ముందుగదే ఇన్నాసిముత్తు పనిగది. అక్కడ ఇనుము బిగించి ఆకురాయి పట్టే పట్టుడు బల్ల నేలలోకి దిగి సిమెంటుతో కలిసిపోయింది. ఇల్లు పోతే బల్ల పోతుంది, బల్ల పోతే తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు. దాచిన డబ్బు సగానికి సరిపోతుంది, మిగతా సగం బ్యాంకు ఇవ్వాలి.

అప్పు అంటే ఇన్నాసిముత్తుకు ఒళ్ళు మంట. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరి దగ్గరా పైసా చేబదులు తీసుకోలేదు, ఎవరైనా తీసుకుంటే ఉపన్యాసం ఇవ్వకుండా వదల్లేదు. అందుకని ఈ ఇంటి అప్పును మాత్రం ఆయన అప్పు అనడం లేదు, 'బ్యాంకు సాయం' అంటున్నాడు.

ఆయన భార్య సగాయమేరి ఊళ్ళో లేదు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండించే ఉద్యోగం ఆమెది. ఏటా ఈ రోజుల్లో సెలవు పెట్టి, కాషాయం చీర కట్టి, వీధి ఆడవాళ్ళ గుంపుతో వేళాంగణి మాత కోవెలకు కాలినడకన వెళుతుంది. ఈసారి మొక్కు ఇంటి కోసమే. ఫోను బీరువాలో పెట్టి వెళ్ళింది. "మాతను చూడ్డానికి పోతూ దారంతా ఫోను చూసుకుంటూ నడుస్తామా?" అంది. శనివారం బస్సులో తిరిగొస్తుంది.

కంప్యూటర్ సెంటర్లో ముందు ఆయన రిపోర్టు వచ్చింది. ఒకటే కాగితం. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, స్కోరు ఉండాల్సిన చోట ఒక గీత. ఆ కింద 'రుణ చరిత్ర లేదు' అని ఉంది. మిగతా అంతా తెల్లగా, ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. ఇన్నాసిముత్తుకు గుండె నిండిపోయింది. నా జీవితాన్ని ప్రభుత్వం ఇంత అందంగా అచ్చు వేయిస్తుందని తెలిస్తే ఎప్పుడో తీయించేవాణ్ణి కదా అనుకున్నాడు. అప్పటికప్పుడు దానికి లామినేషన్ చేయించాడు.

తర్వాత సగాయమేరిది మొదలైంది. మొదలైంది కానీ ఆగలేదు. ప్రింటర్ ఒక్కో కాగితాన్నే ఊపిరి పీల్చుకుంటూ వదులుతోంది. సెంటర్ యజమాని మధ్యలో ఒకసారి కాగితాలు నింపాడు.

"అన్నా, అక్క ఏదైనా వ్యాపారం చేస్తుందా?" అన్నాడతను.

"సాంబారు చేస్తుంది" అన్నాడు ఇన్నాసిముత్తు.

అన్నీ నగల అప్పులే. అన్నీ సిరుమలై గోల్డ్ అనే ఒకే కంపెనీలో. తొమ్మిదేళ్ళ కిందటి నుంచి పెట్టడం, తీర్చడం, మళ్ళీ పెట్టడం. నాలుగు ఇంకా నడుస్తున్నాయి. ఇన్నాసిముత్తు మొదటి పేజీ చదివి నవ్వాడు, రెండో పేజీలో నవ్వు ఆపాడు. కొత్తిమీర కట్ట రెండు రూపాయలు పెరిగిందని పచ్చడి మానేసిన మనిషి, కళ్ళు మూసుకుని ఇన్ని అప్పులు చేస్తుందా? ఇది తన భార్య కాదు. ఆమె పేరు పెట్టుకుని ఎవడో తిరుగుతున్నాడు.

"అక్క ఆధార్‌ను ఎవడో వాడేశాడన్నా" అన్నాడు సెంటర్ యజమాని. "మీరు ఇప్పుడే ఫిర్యాదు పెట్టాలి. ప్రతి అప్పు పక్కనా 'ఇది నాది కాదు' అని నొక్కితే చాలు. అక్క ఫోనుకి నంబరొస్తుంది, అది కొట్టాలి."

"ఆమె నడకలో ఉంది. ఫోను మాత్రం ఇంట్లోనే ఉంది."

"మరింకేం!"

ఇన్నాసిముత్తు ఒక్క క్షణం ఆలోచించాడు. సగాయమేరి వచ్చేదాకా ఆగొచ్చు. కానీ అరికాళ్ళు బొబ్బలెక్కి ఇల్లు చేరిన మనిషికి ఈ వార్త చెప్పడం ఏం మర్యాద? ఆమె వచ్చేసరికి అంతా సర్దేసి, 'నీకు తెలియకుండా ఇంత ప్రమాదం తప్పించాను' అంటే ఎంత బాగుంటుంది! ఇంటికెళ్ళి ఫోను తెచ్చాడు. ఒక్కో అప్పు పక్కనా 'ఇది నాది కాదు' అని నొక్కుతూ పోయాడు. నొక్కినప్పుడల్లా ఆయనకు ఒక మంచి తాళం పడినట్టు అనిపించింది.

బ్యాంకు మేనేజరు యాళిని రెండు రిపోర్టులూ చూసింది. లామినేషన్ కాగితాన్ని ఇటూ అటూ తిప్పింది.

"దీన్ని లామినేషన్ ఎందుకు చేయించారండీ?"

"దాచుకోవాల్సిన కాగితం కదమ్మా" అన్నాడాయన వినయంగా.

"మీ కాగితం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మేడం సంగతి చూద్దాం. ఆమె అప్పులన్నీ తప్పని ఫిర్యాదు పెట్టారు కదా, అది తేలేదాకా నేను ఫైలు కదపలేను. నెల రోజులు పట్టొచ్చు."

"నెలా? మాత పండుగలోపు కావాలమ్మా!"

"మాత వచ్చి చెప్పినా కంప్యూటరు ఒప్పుకోదండీ" అంది యాళిని. ఆమె అంతకంటే ఎక్కువ చెప్పే మనిషి కాదు.

బుధవారం పొద్దున బీరువాలో ఫోను మోగింది. సిరుమలై గోల్డ్ నుంచి ఒక అమ్మాయి. "సగాయమేరి మేడం ఈ అప్పులు తనవి కాదని ఫిర్యాదు పెట్టారండీ. నిజమేనా? మేడం మాకు చాలా మంచి కస్టమరు, అందుకే అడుగుతున్నా."

"అది మేడం కాదు, దొంగ మేడం" అన్నాడు ఇన్నాసిముత్తు. "నేను అసలు మేడం భర్తని. మీ దగ్గరున్న నగలన్నీ ఆపేయండి. ఎవరొచ్చి డబ్బు కట్టినా ఇవ్వకండి."

"ఫిర్యాదు ఉంటే ఎలాగూ ఆపేస్తామండీ. కానీ ఒక హారం శనివారం విడిపిస్తానని మేడం ముందే..."

"చూశారా! శనివారం వస్తుందన్నమాట! వస్తే గదిలో కూర్చోబెట్టి నాకు ఫోన్ చేయండి."

ఆ అమ్మాయి సరేనని ఫోను పెట్టేసింది. ఇన్నాసిముత్తు హుండీ తాళాల ముందు కూర్చున్నాడు కానీ చేయి పని మీద నిలవలేదు. ఒక్క తన ఇల్లే కాపాడుకుని ఊరుకోవడం స్వార్థం అనిపించింది. వీధిలో మిగతా ఆడవాళ్ళనూ హెచ్చరించాలి. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

మొదట పక్కింటికి వెళ్ళాడు. అది సవరిముత్తు ఇల్లు. సోమవారం వాళ్ళ అమ్మాయి పెళ్ళి. అతని భార్య జెబమాలై వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది.

"జెబమాలై, నీ నగలన్నీ భద్రంగా ఉన్నాయా?"

చేట ఆగింది. "ఎందుకన్నా అలా అడిగావు?"

"ఊళ్ళోకి ఒక ముఠా దిగిందమ్మా. ఆడవాళ్ళ పేర్లు పెట్టి నగల అప్పులు తీస్తున్నారు. మా సగాయమేరి పేరు మీద ఒక పుస్తకమంత తీశారు. భయపడకు, నేను పట్టేశాను. అన్నీ ఆపించేశాను."

"ఆపించేశావా? అంటే?"

"ఆ నగలు ఇక ఎవరొచ్చినా బయటికి రావు."

జెబమాలై గడప మీద కూలబడింది. "సోమవారానికి కూడా రావా?"

"సోమవారమేంటి, నెల దాకా రావు!" అన్నాడాయన గర్వంగా.

ఆమె చేట పక్కన పెట్టింది. తర్వాత లేచి, అడగకుండానే చిక్కటి కాఫీ తెచ్చిచ్చింది. "అన్నా, నీకు పుణ్యం ఉంటుంది. ఈ మాట మా ఆయనతో మాత్రం అనకు. కంగారు మనిషి" అంది.

ఎదురింటి మైదీన్ భాయ్ భార్య జైనబు ఆ మాటే వేరే కాఫీతో చెప్పింది. ఇంకో రెండు ఇళ్ళలోనూ ఇంతే. చెప్పగానే మొహాలు తెల్లబోవడం, కాఫీ రావడం, ఆయనతో అనకు అనడం. పాపం, ఆడవాళ్ళు ఎంత భయపడిపోయారు అనుకున్నాడు ఇన్నాసిముత్తు. ఇలాంటి పెద్ద ప్రమాదం మగవాళ్ళకు తెలియకపోతే ఎలా? సాయంత్రం టీ కొట్టు దగ్గర సవరిముత్తుకు, మైదీన్ భాయ్‌కి, అక్కడున్న మిగతావాళ్ళకు వివరంగా చెప్పాడు. అప్పటికి ఆయన కడుపులో నాలుగు కాఫీలున్నాయి, అందుకని కాస్త ఎక్కువగానే చెప్పాడు.

సవరిముత్తు ఇంటికి వెళ్ళి బీరువా తెరిచాడు. హారం పెట్టె ఖాళీ. జెబమాలై గోడ మీద మాత పటం వైపు తిరిగి నిలబడింది, ఎంత అడిగినా నోరు విప్పలేదు. కాసేపటికి మైదీన్ భాయ్ ఇంట్లో గాజులు లేవని తేలింది. మిగతా రెండు ఇళ్ళలో ఒక గొలుసు, ఒక జత జుంకాలు లేవు. బీరువా తాళాల మీద మాత్రం ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు.

ఇక్కడ ఆ వీధి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఆ వీధిలో తన ఇంటికి తను చేసిన తాళం ఎవరూ వేసుకోరు. తను చేసిన తాళం గుట్టు తనకు తెలుసు కాబట్టి దానికి కాపలా కాసే గౌరవం ఉండదని వాళ్ళ నమ్మకం. ఇంకొకరి తాళమే వేసుకుంటారు. అదొక మర్యాద, ఒక మెచ్చుకోలు. ఇన్నాసిముత్తు బీరువాకు ఉన్నది సవరిముత్తు తాళం. సవరిముత్తు బీరువాకు, మైదీన్ భాయ్ బీరువాకు, మిగతా రెండు బీరువాలకు ఉన్నవి ఇన్నాసిముత్తు చేసిన గంట తాళాలు. తాళంచెవి తిప్పితే లోపల గంట ఠంగుమని మోగుతుంది, పక్కింటి దాకా వినిపిస్తుంది. అంత మంచి తాళం ఆ వీధిలో ఇంకోటి లేదు.

గురువారం పొద్దున మగవాళ్ళంతా ఇన్నాసిముత్తు వాకిట్లో చేరారు.

"తాళం పగల్లేదు, గంట ఎవరికీ వినబడలేదు" అన్నాడు సవరిముత్తు. "అంటే తాళం గుట్టు తెలిసినవాడే తీశాడు. అంతే కదా?"

"గుట్టు తెలిసినా తీయలేడు. నా తాళం ఎవడికీ లొంగదు" అన్నాడు ఇన్నాసిముత్తు రోషంగా. "దాని గుట్టు ఈ లోకంలో నాకొక్కడికే..."

మాట మధ్యలో ఆపాడు. కానీ అప్పటికే అది వీధి చివరి దాకా వెళ్ళిపోయింది.

"అదే మేమూ అంటున్నాం" అన్నాడు మైదీన్ భాయ్ నెమ్మదిగా. "నాలుగు ఇళ్ళలో పోయింది. నీ ఇంట్లో మాత్రం ఏమీ పోలేదు. నిన్న నువ్వే ఇల్లిల్లూ తిరిగి నగలున్నాయా అని అడిగావు. నెల తిరక్కుండా ఇల్లు కొంటానంటున్నావు. నేనేమీ అనడం లేదు ఇన్నాసీ, లెక్క చెబుతున్నానంతే."

"భాయ్! నన్నా అంటున్నావు?"

"ఒకటి ఒప్పుకో" అన్నాడు సవరిముత్తు. "నీ తాళం నాసిరకమని ఒప్పుకో. లేదా నువ్వే తీశావని ఒప్పుకో."

ఇన్నాసిముత్తు నిజంగానే ఆలోచించాడు. దొంగ అంటే భరించవచ్చేమో. తన తాళం నాసిరకమని ఈ నోటితో ఎలా అనడం? పళని హుండీకి ఎవడు వేయించుకుంటాడు? చివరికి లోపలికి వెళ్ళి లామినేషన్ కాగితం తెచ్చి అందరి ముందూ పట్టుకున్నాడు.

"చూడండి. ప్రభుత్వం వేసిన కాగితం. నా మీద ఒక్క మచ్చ లేదు!"

మైదీన్ భాయ్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఇందులో ఏమీ లేదు కదయ్యా."

"అదే కదా నేను చెప్పేది!"

మధ్యాహ్నానికి చిన్నప్ప వాత్తియార్ కూడా వచ్చాడు. "నీ మీద నాకు అనుమానం లేదు నాయనా. కానీ పోలీసులొచ్చి ఇంటికి సీలు వేస్తే నేను దాన్ని ఎవరికి అమ్ముకోను? ఆదివారం మండీ వాణ్ణి రమ్మన్నాను. అప్పటికి నీ సంగతి తేల్చుకో" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇన్నాసిముత్తు ఒక్క తాళం కూడా చేయలేదు. పట్టుడు బల్ల మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. మచ్చ లేకుండా బతికినందుకు ఇదా అని ఏడుపొచ్చింది, మగవాడినని ఆపుకున్నాడు.

సవరిముత్తు అప్పుడే పోలీస్ స్టేషన్‌కు వెళదామన్నాడు. జెబమాలై బుధవారం సాయంత్రం తర్వాత మొదటిసారి నోరు తెరిచింది. "పెళ్ళి ముందు పోలీసులేంటి? సగాయమేరి అక్క శనివారం వస్తుంది. ఆమె వచ్చాక వెళ్ళండి" అంది. జైనబు కూడా అదే అంది. మిగతా ఆడవాళ్ళూ అదే అన్నారు. ఈ ఆడవాళ్ళందరికీ తన భార్య మీద ఎంత గౌరవం అని ఇన్నాసిముత్తు అంత బాధలోనూ సంతోషించాడు.

శనివారం మధ్యాహ్నం సగాయమేరి వీధిలోకి వచ్చింది. కాషాయం చీర మట్టి కొట్టుకుపోయి ఉంది, కాలికి గుడ్డ కట్టి ఉంది, చేతిలో మాత కోవెల నూనె సీసా ఉంది. మగవాళ్ళంతా చొక్కాలు వేసుకుని తన వాకిట్లో నిలబడి ఉండటం చూసి ఆగింది.

"ఏంటండీ, ఎవరైనా పోయారా?"

"నా పరువు పోయింది" అన్నాడు ఇన్నాసిముత్తు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మొదటి నుంచీ చెప్పాడు. రిపోర్టు, ముఠా, ఫిర్యాదు, సిరుమలై గోల్డ్, ఖాళీ బీరువాలు. సగాయమేరి నీళ్ళు తాగుతూ వింది. 'ఇది నాది కాదు' దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టింది.

"అన్నిటికీ నొక్కారా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

"అవన్నీ నావే" అంది సగాయమేరి.

జెబమాలై గోడ చాటు నుంచి ముందుకొచ్చి ఆమె పక్కన నిలబడింది. జైనబు వచ్చింది. మిగతా ఇద్దరూ వచ్చారు.

"అప్పులు నావి, నగలు వీళ్ళవి" అంది సగాయమేరి. "సవరిముత్తూ, తొమ్మిదేళ్ళ కిందట నీ కాలు మీద ప్రెస్సు మిషను పడింది. ఆపరేషన్ డబ్బు జెబమాలై పుట్టింటి వాళ్ళిచ్చారనుకున్నావు కదా?"

"ఇవ్వలేదా?"

"నీ కాలు ఆ హారమే నిలబెట్టింది. నువ్వు ఒప్పుకోవని నా పేరు మీద తాకట్టు పెట్టింది. ఆరు నెలల్లో విడిపించేశాం. తర్వాత మైదీన్ భాయ్ మోటారు కాలిపోయింది, జైనబు వచ్చింది. అదీ చెప్పిన గడువు లోపే ఇంటికొచ్చింది. అప్పట్నుంచి నా హస్తవాసి మంచిదన్నారు. నేను పెట్టిన నగ కచ్చితంగా తిరిగొస్తుందని ఎవరికి కష్టమొచ్చినా నా చేతికే ఇస్తారు."

"హస్తవాసా?" అన్నాడు సవరిముత్తు. కుంటి కాలి వైపు చూసుకున్నాడు. "మరి ఇప్పుడెందుకు పెట్టారు?"

"పెళ్ళి మండపం అడ్వాన్సు ఎక్కడిదనుకున్నావు?" అంది జెబమాలై. "చీటీ డబ్బు వచ్చేసింది. అక్క రాగానే విడిపిద్దామని చూస్తున్నా. ఈలోగా అన్న మమ్మల్ని కాపాడేశాడు."

ఇన్నాసిముత్తు అడిగిన ప్రశ్న మాత్రం వేరు. "మరి గంట? నా గంట తాళం మోగకుండా ఎలా తీశారు?"

జెబమాలై తల దించుకుంది. "మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గంట కొడతారు కదన్నా. దాంతో పాటే తిప్పేవాళ్ళం."

ఇన్నాసిముత్తు పెద్దగా నిట్టూర్చాడు. అంటే తాళం నాసిరకం కాదు. ఆ ఒక్క సంగతీ ఆయనకు కాస్త ఊరట కలిగించింది. మైదీన్ భాయ్ దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చేయి వేశాడు.

సిరుమలై గోల్డ్ మూసేలోపు చేరాలని ఇద్దరూ ఆటోలో బయల్దేరారు. దారిలో ఇన్నాసిముత్తు అడిగాడు. "నాకెందుకు చెప్పలేదే?"

"రెండు వీధుల అవతల ఆవిడ పంచదార అప్పడిగితే మీరిచ్చిన ఉపన్యాసానికి, పాపం ఆవిడ ఇప్పటికీ చేదు కాఫీ తాగుతోంది" అంది సగాయమేరి. "ఇది చెబితే వినేవారా?"

వినేవాణ్ణి కాదని ఆయనకు తెలుసు. అది తెలియడమే ఎక్కువ బాధగా ఉంది. ఇరవై ఏడేళ్ళుగా ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషి, ఒక వీధి మొత్తాన్ని తన పేరు మీద మోస్తుంటే తను పక్కన కూర్చుని పొదుపు గురించి పాఠం చెప్పాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎక్కడో, ఎవరికీ చెప్పుకోలేని గర్వం కూడా వేసింది.

కౌంటర్లో ఫోన్ చేసిన అమ్మాయే ఉంది. "వచ్చేశారా మేడం! మీ ఆయన మిమ్మల్నే గదిలో కూర్చోబెట్టమన్నారు" అంది నవ్వాపుకుంటూ. ఆఫీసరు వచ్చి సంగతంతా విన్నాడు.

"మేడం పేరుతో ఫిర్యాదు పెట్టింది మీరా? అది తప్పండీ. ఇప్పుడు మేడం ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, మీరు కూడా మీ చేత్తో రాసివ్వాలి. మధురై ఆఫీసు చూసి తాళం తీస్తే సోమవారం పొద్దున ఇస్తాం."

"వేసినవాణ్ణి నేనే కదండీ, నేనే తీస్తాను" అన్నాడు ఇన్నాసిముత్తు, అలవాటుగా.

"ఇది మీ రకం తాళం కాదండీ" అన్నాడు ఆఫీసరు, కాగితం ఇస్తూ.

ఇన్నాసిముత్తు కూర్చుని రాశాడు. 'ఈ అప్పులన్నీ నా భార్య సగాయమేరి తీసుకున్నవే. ఫిర్యాదు నేను పెట్టాను. నా భార్య సంగతి నాకు తెలియదు.'

ఆఫీసరు చదివి, "చివరి వాక్యం అక్కర్లేదండీ" అన్నాడు.

"ఉండనివ్వండి" అన్నాడు ఇన్నాసిముత్తు. "అదీ నిజమే."

సగాయమేరి కిటికీ వైపు తిరిగి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండలో నడకయాత్ర చేసొచ్చిన మనిషి కాబట్టి ఆఫీసరు పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం సవరిముత్తు, మైదీన్ భాయ్ కలిసి చిన్నప్ప వాత్తియార్ ఇంటికి వెళ్ళారు. ఏం మాట్లాడారో తెలియదు కానీ, ఆదివారం వచ్చిన మండీ వాడికి వాత్తియార్ టీ ఇచ్చి, తన ఆరోగ్యం బాగానే ఉందని చెప్పి పంపేశాడు.

సోమవారం పొద్దున సిరుమలై గోల్డ్ తలుపులు తీసేసరికి మెట్ల మీద పట్టుపంచె కట్టుకున్న మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. సగాయమేరి సంతకం పెట్టింది, జెబమాలై పంపిన డబ్బు కట్టింది. హారం పొట్లం ఇన్నాసిముత్తే పట్టుకుని పరిగెత్తాడు. అప్పటికి చర్చిలో పూజ మొదలైంది. పెళ్ళికూతురు బోసి మెడతో ముందు వరసలో కూర్చుని ఉంది. ఫాదర్ దాంపత్యంలో దాపరికాలు ఉండకూడదని ప్రసంగం చేస్తుండగా, చెమటలు కక్కుతూ ఒక మనిషి మధ్య దారిలో నడిచొచ్చి జెబమాలై చేతిలో పొట్లం పెట్టాడు. ఫాదర్ ఒక్క క్షణం ఆగి, ఆ విషయం అందరికీ అర్థమైందనుకుని పూజలోకి వెళ్ళాడు.

ఫిర్యాదు తొలగించారన్న కబురు రాగానే ఇద్దరూ బ్యాంకుకు వెళ్ళారు. యాళిని ఈసారి సగాయమేరి రిపోర్టు పట్టుకుని మర్యాదగా లేచి నిలబడింది.

"మేడం, తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. ఇలాంటి స్కోరు నేను ఈ కుర్చీలో కూర్చున్నాక చూళ్ళేదు. ఇంటి అప్పు పండుగ లోపే ఇప్పిస్తాను. మొదట మీ పేరే ఉండాలి, పత్రాల మీద కూడా."

"మరి నేను?" అన్నాడు ఇన్నాసిముత్తు. "నా కాగితం చూశారు కదమ్మా. ఒక్క మచ్చ లేదు."

"మచ్చే కాదండీ, మీరే లేరు" అంది యాళిని. "ఎప్పుడూ తీసుకోనివాడు తిరిగిస్తాడో లేదో మాకెలా తెలుస్తుంది? ఇంట్లో పెద్ద రాబడి మీది కాబట్టి రెండో పేరుగా ఉండండి. ముందు ఏదైనా చిన్న అప్పు చేసి సరిగ్గా తీర్చండి. అప్పుడు మా కంప్యూటరుకి మీరు కనబడతారు."

ఇద్దరూ ఇంటికొచ్చారు. ఇల్లు దక్కింది. పట్టుడు బల్ల ఉన్న చోటే ఉంటుంది. ఆ సంతోషంలో ఇన్నాసిముత్తు కాసేపు దానికి నూనె రాశాడు. తర్వాత వేలికున్న పెళ్ళి ఉంగరం తీసి, లోపలికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమేవ్. ఇది సిరుమలైలో పెడదామా? నా పేరు మీద. నువ్వు కూడా రావాలి. నీ చేత్తోనే పెట్టాలి."

"నా చేతెందుకు?"

"తిరిగి రావాలి కదా మరి" అన్నాడాయన.

మూడు నెలలు తిరిగాక ఉంగరం వేలికొచ్చింది. ఇన్నాసిముత్తు మళ్ళీ కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళి రిపోర్టు తీయించాడు. కొత్త కాగితాన్ని లామినేషన్ చేయించి, గోడ మీద పాత కాగితం ఉన్న మేకుకే తగిలించాడు. అందులో ఒకే ఒక్క అప్పు ఉంది, తీర్చేసినట్టు కూడా ఉంది. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి, ఫరవాలేదు, మొదలుపెట్టాడు అన్నారు.